వెంటపడటం ప్రేమ కాదు, వేధింపు

విశ్వసించిన పురుషులను, స్త్రీలను ఏ తప్పూ చేయకుండానే బాధించేవారు పెద్ద అపనిందను, స్పష్టమైన పాపాన్ని మూటగట్టుకుంటున్నారని అల్లాహ్ అహ్‌జాబ్ సూరాలో హెచ్చరించాడు (33: 58). ఈ ఆయత్‌ను మనం ఎన్నోసార్లు పారాయణం చేసి ఉంటాం. కాని మన వీధిలో, మన బస్టాండులో, మన పిల్లల సెల్‌ఫోన్లలో ఇది ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోందో ఎంతమందిమి ఆలోచించాం?

ఉత్తర తెలంగాణలో ఏ పట్టణమైనా తీసుకోండి. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, మంచిర్యాల, గోదావరిఖని... తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంది. కూతురు ఇంటర్మీడియట్‌కో, డిగ్రీకో రోజూ బస్సెక్కి పక్క పట్టణానికి వెళుతుంది. ఒక కుర్రవాడు బస్టాపులో నిలబడతాడు. రెండోరోజు కాలేజీ గేటు దాకా వస్తాడు. ఎక్కడో నెంబరు సంపాదించి మెసేజ్‌లు మొదలుపెడతాడు. అమ్మాయి వద్దంటుంది. నెంబరు బ్లాక్ చేస్తుంది. అతను ఇంకో నెంబరు నుంచి ఫోన్ చేస్తాడు. తన స్నేహితులను పంపుతాడు. “నువ్వు ఒప్పుకోకపోతే చచ్చిపోతా” అంటాడు, ఆ తర్వాత “చంపేస్తా” అంటాడు.

అమ్మాయి ఈ సంగతి ఇంట్లో చెప్పదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముందు ఫోన్ లాక్కుంటారు, తర్వాత చదువు మాన్పిస్తారు, ఆ తర్వాత దొరికిన సంబంధానికి ముడిపెడతారు. తప్పు చేసినవాడు వీధిలో తిరుగుతూనే ఉంటాడు. ఏ తప్పూ చేయని అమ్మాయి ఇంట్లో ఖైదవుతుంది. ఇదేనా ఇస్లామ్ మనకు నేర్పిన న్యాయం? ఈ విషయంలో మన ధర్మం ఏం చెబుతోంది, దేశ చట్టం ఏం చెబుతోంది, ఇంటి పెద్దలుగా మన బాధ్యత ఏమిటి అనే మూడు సంగతులను ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి ఆజ్ఞ పురుషులకే

స్త్రీల భద్రత మాట రాగానే మన సభల్లో, మన ఇళ్ళలో చర్చంతా పరదా చుట్టూనే తిరుగుతుంది. పరదా అల్లాహ్ ఆజ్ఞ, అందులో సందేహం లేదు. అయితే నూర్ సూరాలో అల్లాహ్ మొదట ఎవరితో మాట్లాడాడో గమనించండి. ముందుగా విశ్వాసులైన పురుషులు తమ చూపులను అదుపులో ఉంచుకోవాలని, తమ శీలాన్ని కాపాడుకోవాలని ఆజ్ఞాపించాడు (24: 30). ఆ తర్వాతి ఆయత్‌లోనే స్త్రీలకు ఆజ్ఞలు వచ్చాయి (24: 31). ఎదుట ఉన్న స్త్రీ ఎలా ఉందన్న షరతు పురుషుని చూపుకు పెట్టలేదు. ఆమె ఏ మతస్తురాలైనా, ఏ దుస్తుల్లో ఉన్నా అతని చూపుకు అతనే జవాబుదారీ.

అహ్‌జాబ్ సూరాలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. విశ్వాసుల స్త్రీలు తమపై దుప్పట్లను కప్పుకోవాలని, దానివల్ల వారు గుర్తించబడి వేధింపుకు గురికాకుండా ఉంటారని అల్లాహ్ సెలవిచ్చాడు (33: 59). చాలామంది ఉపన్యాసకులు ఇక్కడితో ఆగిపోతారు. తర్వాతి ఆయత్ చదవరు. కపటులు, హృదయాల్లో రోగం ఉన్నవారు, మదీనాలో పుకార్లు పుట్టించేవారు తమ చేష్టలు మానుకోకపోతే వారిపై చర్య తీసుకోవటం జరుగుతుందని, అప్పుడు వారు ఆ పట్టణంలో ఎక్కువ కాలం ఉండలేరని ఆ ఆయత్ హెచ్చరించింది (33: 60). మదీనా వీధుల్లో స్త్రీలు బయటికి వెళ్ళే వేళల్లో దుండగులు వారిని వేధించేవారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఈ సందర్భంలో రాశారు.

అంటే, స్త్రీకి పరదా చెప్పి ఊరుకోవటం ఖుర్ఆన్ పద్ధతి కాదు. వేధించేవాడిని పట్టుకుని నిలదీయటం, అవసరమైతే ప్రభుత్వ బలంతో అడ్డుకోవటం కూడా ఖుర్ఆన్ ఆదేశమే. వేధింపును శిక్షార్హమైన నేరంగా చూడాలన్న ఆలోచన మనకు పడమటి దేశాల నుంచి అరువుగా వచ్చిందేమీ కాదు.

బరీరా (రజి) చెప్పిన ‘అక్కర్లేదు’

సహీహ్ బుఖారీలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ప్రతి యువకుడూ, ప్రతి తండ్రీ తెలుసుకోదగింది.

బరీరా (రజి) ఒక బానిస స్త్రీ. ఆమె భర్త ముగీస్ (రజి) కూడా బానిసే. బరీరాకు బానిసత్వం నుంచి విముక్తి లభించింది. అలా స్వేచ్ఛ పొందిన స్త్రీకి, ఇంకా బానిసగా ఉన్న భర్తతో కొనసాగాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కును షరీఅత్ ఇచ్చింది. ఆమె విడిపోవటానికే నిశ్చయించుకుంది. ముగీస్‌కు ఆమెపై అంతులేని ప్రేమ. మదీనా వీధుల్లో ఆమె వెనకాలే నడుస్తూ ఏడ్చేవారు. కన్నీళ్ళు ఆయన గడ్డం మీదుగా కారేవి. ఆ దృశ్యం చూసి మహాప్రవక్త (స) ముగీస్ ప్రేమ, బరీరా విముఖత చూస్తే ఆశ్చర్యంగా లేదా అని తమ బాబాయి అబ్బాస్ (రజి)తో అన్నారు.

ఆ తర్వాత ఆయన (స) బరీరాను పిలిచి, ముగీస్ దగ్గరికి తిరిగి వెళ్ళకూడదా అని అడిగారు. ఆమె, ఇది తమ ఆజ్ఞా అని తెలుసుకోగోరింది. ఆజ్ఞ కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన (స) చెప్పారు. అయితే తనకు అతని అక్కర లేదని ఆమె స్పష్టంగా చెప్పేసింది. విషయం అంతటితో ముగిసింది.

సోదరులారా! ఈ సంఘటనను జాగ్రత్తగా గమనించండి. ముగీస్ (రజి) పరాయివాడు కాదు, నిన్నటిదాకా ఆమె భర్త. ఆయన బెదిరించలేదు, దూషించలేదు, చేయి ఎత్తలేదు, ఏడ్చారంతే. ఆయన తరఫున అడిగింది సాక్షాత్తూ అల్లాహ్ ప్రవక్త (స). అయినప్పటికీ నిన్నటిదాకా బానిసగా ఉన్న ఒక స్త్రీ ‘అక్కర్లేదు’ అన్న ఒక్క మాటకు దైవప్రవక్త (స) విలువనిచ్చారు. ఆమెను గద్దించలేదు. ఇంత ప్రేమను కాదంటావా అని నిందించలేదు. మరి ఏ బంధమూ లేని ఒక యువకుడు ఒక అమ్మాయి వద్దన్నాక కూడా వెంట తిరగటానికి ఏ హక్కుంది? సినిమాల్లో కథానాయకుడు వద్దన్న అమ్మాయి వెంట తిరిగి తిరిగి చివరికి ఆమె మనసు గెలుస్తాడు. దాన్ని చూసి పెరిగిన మన పిల్లలకు బరీరా (రజి) కథ చెప్పవలసిన బాధ్యత మనది.

దీనికి ఎదురుగా మరో ఆదర్శం కూడా ఖుర్ఆన్‌లో ఉంది. మద్‌యన్ బావి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ మందను ఆపుకుని దూరంగా నిలబడి ఉంటే మూసా (అలై) వారి ఇబ్బంది ఏమిటో అడిగి తెలుసుకున్నారు, వారి పశువులకు నీళ్ళు తాపారు, వెంటనే పక్కకు వెళ్ళి నీడలో కూర్చున్నారు (28: 23, 24). ఆకలితో, ఆశ్రయం లేక ఉన్న సమయంలో కూడా ఆయన ఆ సహాయాన్ని పరిచయం పెంచుకోవటానికి సాకుగా వాడుకోలేదు. మగతనం అంటే ఇది.

యూసుఫ్ (అలై) చొక్కా

వేధింపుకు గురైన వారి పక్షాన ఎలా ఆలోచించాలో యూసుఫ్ సూరా నేర్పుతుంది. ఇక్కడ బాధితుడు పురుషుడు. ఇంటి యజమానురాలు ఆయన వెంటపడింది, తలుపులు మూసింది. ఆయన తప్పించుకోవటానికి తలుపు వైపు పరుగెత్తారు. ఆమె వెనక నుంచి చొక్కా పట్టి లాగితే అది చిరిగింది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త తలుపు దగ్గర ఎదురయ్యాడు. వెంటపడిన మనిషే ముందుగా నింద మోపింది (12: 23-25).

అప్పుడు ఆ ఇంటివారిలోనే ఒకరు న్యాయమైన మాట చెప్పారు. చొక్కా ముందువైపు చిరిగి ఉంటే ఆమె చెప్పింది నిజం, వెనకవైపు చిరిగి ఉంటే యూసుఫ్ చెప్పింది నిజం. చూస్తే వెనకవైపే చిరిగి ఉంది (12: 26-28). ఎవరి హోదా ఎంత, ఎవరు గట్టిగా అరిచారు అన్నది కాదు, ఆధారం ఏం చెబుతోందన్నదే ప్రధానం.

కాని తర్వాత ఏం జరిగింది? నిజం తేటతెల్లమయ్యాక కూడా జైలుకు పంపింది యూసుఫ్ (అలై)నే (12: 35). పెద్దింటి పరువు కోసం నిర్దోషిని బంధించారు. ఈ రోజు మనం మన ఆడపిల్లల చదువు మాన్పించి చేస్తున్నది కూడా ఇదే కాదా? పరువు పేరుతో బాధితులనే బంధిస్తున్నాం. ఖుర్ఆన్ ఈ కథ చెప్పింది మనం ఆ పెద్దింటివారిలా ప్రవర్తించటానికి కాదు. ఏళ్ళ తర్వాత రాజు విడుదల చేయిస్తానన్నప్పుడు యూసుఫ్ (అలై) వెంటనే బయటికి రాలేదు. ముందు ఆ స్త్రీల సంగతి విచారించాలని కోరారు. ఆ విచారణలోనే నిజం బయటపడింది (12: 50, 51). న్యాయవిచారణ కోరటం, తన నిర్దోషిత్వాన్ని నలుగురి ముందు రుజువు చేసుకోవటం సిగ్గుపడే పని కాదు, అది ఒక ప్రవక్త చేసిన పని. అన్యాయానికి గురైనవారికి తప్ప చెడును బాహాటంగా పలకటం అల్లాహ్‌కు ఇష్టం లేదని నిసా సూరాలో ఉంది (4: 148). అంటే బాధితులకు గొంతెత్తే హక్కు స్వయంగా అల్లాహ్ ఇచ్చాడు.

మన దేశ చట్టం ఎలా వచ్చింది?

చాలాకాలం వరకు మన దేశంలో వెంటపడి వేధించటానికి ప్రత్యేకమైన నేరంగా పేరు లేదు. ‘ఈవ్ టీజింగ్’ అని తేలికగా తీసిపారేసేవారు. పోలీసులు కేసు పెట్టాలంటే భారత శిక్షాస్మృతిలోని 354, 509 సెక్షన్లను ఆశ్రయించవలసి వచ్చేది. నిశ్శబ్దంగా వెంట నడిచేవాడు, రోజూ ఇంటి ముందు నిలబడేవాడు, వందసార్లు ఫోన్ చేసేవాడు ఆ సెక్షన్లకు సులభంగా దొరికేవాడు కాదు.

దాని ఫలితం ఎంత ఘోరమో దేశం చూసింది. 1996లో ఢిల్లీలో ప్రియదర్శిని మట్టూ అనే న్యాయశాస్త్ర విద్యార్థినిని ఆమె వెంటపడుతూ వచ్చినవాడే హత్య చేశాడు. అంతకుముందే ఆమె పోలీసులకు ఫిర్యాదులు చేసి ఉంది. 2004లో విజయవాడలో ఒక విద్యార్థిని తరగతి గదిలోనే హత్యకు గురైంది. 2008 డిసెంబర్‌లో మన పొరుగునే ఉన్న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు, వారిలో ఒకరు ఆ నెలాఖరుకే కన్నుమూశారు. ఆ దాడి కేసులో అరెస్టయిన ముగ్గురు యువకులు కొద్దిరోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. కాని విచారణ లేని చావు న్యాయం కాదు. యూసుఫ్ (అలై) చొక్కాను పరీక్షించినట్లు ఆధారాలు పరీక్షించటమే న్యాయం. మొదటిరోజు వెంటపడినప్పుడే అడ్డుకుని ఉంటే అటు అమ్మాయిల జీవితాలు, ఇటు ఆ యువకుల జీవితాలు కూడా మిగిలేవేమో.

2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తర్వాత ప్రభుత్వం జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా వచ్చిన 2013 నేర చట్ట సవరణతో శిక్షాస్మృతిలో 354-డి సెక్షన్ చేరింది. వెంటపడి వేధించటం మొదటిసారిగా పేరుపెట్టి చెప్పదగిన నేరమైంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 78వ సెక్షన్‌గా ఉంది.

ఈ సెక్షన్ ప్రకారం, స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా ఆమెను వెంబడించటం, పరిచయం పెంచుకోవటానికి పదేపదే ప్రయత్నించటం నేరం. ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వంటివాటి వాడకంపై నిఘా పెట్టటం కూడా నేరమే. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. మొదటిసారి నేరానికి బెయిలు హక్కుగా దొరుకుతుంది, రెండోసారి మాత్రం అలా దొరకదు. మొదటిసారే బెయిలు దొరకని నేరంగా ఉండాలని 2013లో వాదన వచ్చింది గాని పార్లమెంటు ఆమోదించలేదు. బెయిలుపై వచ్చినవాడు పగబడతాడేమోనన్న భయం బాధిత కుటుంబాల్లో నేటికీ ఉంది.

బాధితురాలు 18 సంవత్సరాల లోపు బాలిక అయితే 2012 నాటి పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో బాలబాలికలను పదేపదే వెంబడించటం, గమనిస్తూ ఉండటం, సంప్రదిస్తూ ఉండటం ఆ చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు శిక్షకు అర్హమైన నేరం.

మన రాష్ట్రంలో 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్‌లు మొదలయ్యాయి, 2015లో జిల్లాలకు విస్తరించాయి. మఫ్టీలో ఉండే పోలీసులు బస్టాండ్లలో, కాలేజీల దగ్గర నిఘా ఉంచి వేధించేవారిని పట్టుకుంటారు. చిన్న వయసు కుర్రవాళ్ళయితే తల్లిదండ్రులను పిలిపించి వారి ముందే కౌన్సెలింగ్ చేస్తారు. ఆ కుర్చీలో రేపు మనం కూర్చోవలసి రాకుండా ఉండాలంటే ఈ రోజే మన కొడుకుతో మాట్లాడాలి.

మనకు వ్యతిరేకంగానైనా సరే

న్యాయం కోసం నిలబడండి, అది మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే అన్నది అల్లాహ్ ఆజ్ఞ (4: 135). కనుక ఒక చేదు సంగతి చెప్పుకోక తప్పదు. 2019 నవంబర్ 24న కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి వస్తువులు అమ్ముకుని బతికే ఒక నిరుపేద దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు ‘సమత’ అని పేరు పెట్టారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష విధించింది. ఆ ముగ్గురివీ మన సముదాయపు పేర్లే.

ఒకరి నేరానికి సముదాయం మొత్తాన్ని నిందించటం అన్యాయమే. ఒకరి భారం మరొకరు మోయరని ఖుర్ఆన్ చెప్పింది. కాని ఒంటరిగా దారిన పోయే పరాయి స్త్రీ మన దగ్గర నిశ్చింతగా ఉండగలగాలన్న పాఠం మన పిల్లలకు ఎవరు నేర్పాలి? మన ఆడపిల్లను వేధిస్తే రోడ్డెక్కే మనం, మన పిల్లవాడు ఇంకొకరి ఆడపిల్ల వెంటపడితే ‘వయసు అలాంటిది’ అని సర్దుకుపోతే, దానిని న్యాయం అనరు. వ్యభిచారానికి అనుమతి కోరి వచ్చిన ఒక యువకుణ్ణి మహాప్రవక్త (స) దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, నీ కూతురి విషయంలో, నీ చెల్లెలి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగారు, ఆ తర్వాత అతని కోసం దుఆ చేశారు (ముస్నద్ అహ్మద్). మన కొడుకులతో మాట్లాడే పద్ధతి అదే.

మరో పొరపాటు కూడా మనలో పెరుగుతోంది. బురఖా వేసుకున్న అమ్మాయి ఎవరితోనో కనిపించిందని కొందరు యువకులు వెంటపడి, చుట్టుముట్టి, వీడియో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. ఇది ధర్మసేవ అనుకుంటున్నారు. ఇతరుల రహస్యాల కోసం గూఢచర్యం చేయవద్దని అల్లాహ్ స్పష్టంగా నిషేధించాడు (49: 12). శీలవతులపై నలుగురు సాక్షులు లేకుండా నింద మోపేవారికి ఎనభై కొరడా దెబ్బల శిక్షను నిర్ణయించాడు (24: 4). దీన్ పేరుతో వెంటపడినా అది వెంటపడటమే.

ఇంటి పెద్దలు చేయవలసినవి

• కూతురు తనను ఎవరో వేధిస్తున్నారని చెప్పినప్పుడు మొదటి మాటగా “నువ్వు భయపడకు, తప్పు నీది కాదు” అనండి. మొదటి ప్రశ్నగా “నువ్వేం చేశావు?” అని అడగకండి. ఒకసారి అలా అడిగితే ఆమె మరోసారి మీ దగ్గరికి రాదు.

• గల్ఫ్‌లో ఉన్న తండ్రులు వారానికొకసారి ఫోన్‌లో డబ్బు సంగతులే కాక పిల్లల రాకపోకల గురించి కూడా ప్రేమగా అడిగి తెలుసుకోవాలి. ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి జవాబు చెప్పుకోవలసిందే అన్న హదీసు దూరదేశంలో ఉన్నవారికి కూడా వర్తిస్తుంది.

• మెసేజ్‌లు, కాల్స్ వివరాలు, ఫొటోలు చెరిపివేయకండి. తేదీ, సమయం, స్థలం ఒక పుస్తకంలో రాసి పెట్టండి. న్యాయస్థానంలో అదే యూసుఫ్ (అలై) చొక్కా.

• కులపెద్దల పంచాయితీలో డబ్బు తీసుకుని రాజీ పడకండి. వేధించినవాడికే ఇచ్చి పెళ్ళి చేయటం అంతకంటే ఘోరం. తన ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి చేసిన వివాహాన్ని ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) విషయంలో మహాప్రవక్త (స) రద్దు చేశారు (బుఖారీ).

• ఫిర్యాదు చేయటానికి 112కు గాని, మహిళల హెల్ప్‌లైన్ 181కి గాని ఫోన్ చేయవచ్చు. బాలికలకు 1098 ఉంది. ఆన్‌లైన్ వేధింపుకు 1930కి చెప్పవచ్చు. ఈ నేరంలో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారే నమోదు చేయాలని చట్టం చెబుతోంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

• మస్జిద్ కమిటీలు ఏడాదికి ఒక్క జుమా ఖుత్బానైనా ఈ విషయానికి కేటాయించాలి. దారుల్లో కూర్చోవలసి వస్తే దారి హక్కు చెల్లించాలని, అందులో మొదటిది చూపు దించుకోవటమని, రెండోది ఎవరినీ బాధించకపోవటమని మహాప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). మన చౌరస్తాల్లో కూర్చునే యువకులకు ఈ హదీసు వినిపించాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పీడకునికి సహాయం ఎలా అని సహచరులు అడిగితే, అతని చేతిని దౌర్జన్యం నుంచి ఆపటమే అతనికి చేసే సహాయమని వివరించారు (బుఖారీ). వెంటపడే కుర్రవాణ్ణి మొదటిరోజే ఆపిన తండ్రి ఇద్దరిని కాపాడినట్లు. ఒకరు ఆ అమ్మాయి, రెండోవారు తన కొడుకు.

ఓ అల్లాహ్! మా చూపులను, మా అడుగులను అదుపులో ఉంచు. మా కూతుళ్ళ దారులను నిర్భయం చేయి. మా కొడుకుల వల్ల ఏ ఇంటి ఆడపిల్లా భయపడకుండా ఉండే రోజును మాకు ప్రసాదించు. ఆమీన్.